ఫ్లేమ్ మేపుల్‌కి డై వేయడం: గిటార్ టాప్ మీద చారలు లేచి కనిపించాలంటే

ఫ్లేమ్, క్విల్ట్ మేపుల్‌లో కనిపించే చారలు చెక్క రంగులో తేడా వల్ల వచ్చినవి కావు. నార అలలు అలలుగా పెరగడంతో కొన్నిచోట్ల అది పడుకుని ఉంటుంది, కొన్నిచోట్ల దాని కొసలు పైకి తేలి ఉంటాయి. కొస తేలినచోట డై లోతుకు ఇంకుతుంది. పడుకున్నచోట పైపైనే ఆగిపోతుంది.

కింద చెప్పే పనంతా ఆ తేడాను పెంచడానికే. మొదట ముదురు రంగు పట్టించి, పడుకున్న నార మీది రంగును శాండ్‌పేపర్‌తో తీసేసి, ఆపైన అసలు రంగు వేస్తాం. టాప్ (గిటార్ ముందు పలక) మబ్బుగా, బురదగా వచ్చిందంటే ఆ మధ్య మెట్టు తొందరగా ముగించారనే పదిసార్లలో తొమ్మిదిసార్లు అర్థం.

ఇక్కడి కొలతలు మేపుల్ టాప్ ఉన్న సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటార్‌కి. అకూస్టిక్‌కి మారేచోట విడిగా చెప్పాం.

## 1. ఏ డై, ఏ ద్రవం

స్టెయిన్ అని అమ్మేవాటిలో చాలావరకు పిగ్మెంట్ ఉంటుంది, అంటే కరగని రంగు పొడి. అది గీతల్లో, రంధ్రాల్లో పేరుకుని చెక్క ముందు పలుచని తెర కట్టినట్టు నిలబడుతుంది. మేపుల్ చారలకు అది పనికిరాదు. పూర్తిగా కరిగే డై కావాలి.

దొరికే రూపాలు రెండు. ఒకటి మెటల్ కాంప్లెక్స్ డై గాఢ ద్రవం. ఇది నీళ్లలోనూ స్పిరిట్‌లోనూ కలుస్తుంది, వెలుతురుకు మెరుగ్గా తట్టుకుంటుంది. రెండోది అనిలీన్ పొడి. చవకే కానీ నీళ్ల రకం, స్పిరిట్ రకం వేరువేరు; ఒకదాన్ని ఇంకోదానిలో కలిపితే కరగని గడ్డలు మిగులుతాయి. స్పిరిట్‌లో కరిగే పొడి ఎండ తగిలే గదిలో త్వరగా వెలుస్తుంది, ఎరుపులూ ఊదాలూ మరీను. మొదటిసారి చేసేవాళ్లు గాఢ ద్రవమే తీసుకోండి.

ఇక ద్రవం సంగతి:

- నీళ్లు: లోతుకు ఇంకుతుంది, మెల్లగా ఆరుతుంది, కాబట్టి సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. నార నూగులా లేస్తుంది. డిస్టిల్డ్ వాటరే వాడాలి. కుళాయి నీటిలో ఇనుము ఉంటే చెక్క మీద బూడిదరంగు మరకలు రావచ్చు.
- స్పిరిట్ (డీనేచర్డ్ ఆల్కహాల్): నూగు దాదాపు లేవదు, నిమిషాల్లో ఆరుతుంది. ఆ వేగమే చిక్కు. ఒక తుడుపు ఆరేలోపు పక్క తుడుపు పడకపోతే అతుకు గీత నిలిచిపోతుంది.
- సగం సగం: రెండింటికీ మధ్య. బర్స్ట్ (అంచులు ముదురుగా, మధ్య లేతగా ఉండే రంగు) చేయనివాళ్లకు హాయిగా ఉంటుంది.

సాలిడ్ బాడీకి మా ఓటు నీళ్లకే. అకూస్టిక్ గిటార్ వెనక, పక్క పలకలు 2–3 మి.మీ. మందమే ఉంటాయి, ఒక్కవైపే బాగా తడిపితే వంగుతాయి. వాటికి స్పిరిట్ వాడండి.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- నలుపు లేదా ముదురు గోధుమ డై, అసలు రంగు డై
- సూది లేని సిరంజీలు (1 మి.లీ., 5 మి.లీ.)
- గాజు లేదా ప్లాస్టిక్ గిన్నెలు. ఇనుప డబ్బా వద్దు
- నూగు రాలని పాత నూలు గుడ్డలు, అరచేయంత ముక్కలుగా
- 120, 180, 220, 320, 400 గ్రిట్ శాండ్‌పేపర్ (అంకె పెరిగేకొద్దీ కాగితం నునుపు), కార్క్ లేదా రబ్బరు దిమ్మ, ఒంపులకు మెత్తని ప్యాడ్
- నాఫ్తా (త్వరగా ఆవిరయ్యే పెట్రోలియం ద్రవం), మాస్కింగ్ టేప్, నైట్రైల్ గ్లవ్స్
- బల్ల మీదికి పక్కనుంచి పడే దీపం
- అదే టాప్ నుంచి మిగిలిన ముక్క

పొడి డై తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి. స్పిరిట్, నాఫ్తా వాడేచోట మంట, హీటర్, నిప్పురవ్వ లేకుండా కిటికీలు తెరిచి పెట్టండి. తడి గుడ్డలు ఉండచుట్టి పడేయకుండా బయట పరిచి ఆరేయాలి.

## 3. చెక్క సిద్ధం చేయడం

అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టేది ఇదే, పట్టాలి కూడా. మామూలు వార్నిష్ కింద కనిపించని గీత డై పడగానే నల్లటి దారంలా తేలుతుంది.

చారలున్న మేపుల్‌ని చిత్రిక పడితే నార తిరగబడి పెచ్చులూడుతుంది. పదునైన కార్డ్ స్క్రేపర్‌తో (చెక్క గీకే పలుచని ఉక్కు రేకు) సమం చేసుకుని, ఆ తరవాతే శాండింగ్‌కి దిగండి.

1. 120తో మొదలుపెట్టి 180, ఆపైన 220. ప్రతి గ్రిట్ దగ్గరా వెనకటి గీతలన్నీ పోయాకే ముందుకు.
2. ఆర్బిటల్ సాండర్ వాడితే 180 దాకానే. అది వదిలే చిన్న సున్నా చుట్ల గీతలు డై కింద స్పష్టంగా కనిపిస్తాయి. 220 చేత్తో, చెక్క పొడవునే లాగండి. చారల వెంబడి అడ్డంగా కాదు.
3. దీపం పక్కకు దించి, వెలుతురు పలక మీద ఏటవాలుగా పడేలా చూసుకుని, నాఫ్తాతో టాప్ అంతా తడపండి. మిగిలిన గీతలు, జిగురు మరకలు అప్పుడు బయటపడతాయి. జిగురున్నచోట చెక్క తడవక లేతగా ఉండిపోతుంది.
4. జిగురు మరకను స్క్రేపర్‌తో తీయండి. బైండింగ్ (టాప్ అంచు చుట్టూ ఉండే పట్టీ) అతికించేటప్పుడు కారిన సూపర్ గ్లూ చెక్కలోపలికి పోతుంది. దాన్ని డై పట్టే చెక్క తగిలేదాకా గీకాల్సిందే.
5. నీళ్ల డై వేయబోతుంటే ముందే టాప్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి ఆరనివ్వండి. లేచిన నూగును 320తో తేలిగ్గా, నాలుగైదు లాగుళ్లలో కోసేయండి. రెండుసార్లు చేస్తే డై వేసేటప్పుడు నూగు బాగా తగ్గుతుంది.

టాప్ మొత్తాన్నీ 400 దాకా తీసుకెళ్లడం మంచిదనుకుంటారు. మెరుగు పట్టిన చెక్క డైని సరిగ్గా పీల్చదు, రంగు వెలవెలబోతుంది. అంచుల్లో, కొమ్ముల (నెక్‌కి అటూ ఇటూ పొడుచుకొచ్చే బాడీ భాగాల) దగ్గర, చెక్కిన టాప్‌లో ఒంపు తిరిగేచోట మాత్రం నార కొసలు బయటికి వచ్చి డైని విపరీతంగా తాగుతాయి. అక్కడ కావాలనే 400 వేయాలి, లేకపోతే ఆ భాగం మిగతా టాప్ కంటే రెండింతలు నల్లబడుతుంది.

స్టీల్ వూల్ ఈ దశలో ముట్టుకోవద్దు. చెక్కలో ఇరుక్కున్న ఇనుప నలుసులు తడి తగలగానే తుప్పు పడతాయి.

టాప్ సాలిడ్ మేపుల్ కాకుండా అర మి.మీ. వెనీర్ (పలుచని చెక్క పొర) అయితే 220, 320 మాత్రమే వాడండి, అదీ చేతి బరువు పడకుండా. అంచు దగ్గర వెనీర్ తెగితే దాచడానికి దారి లేదు.

## 4. నమూనా ముక్క

టాప్‌కి చేసిన శాండింగే ఈ ముక్కకీ చేయాలి. 180తో ఆపేసిన ముక్క మీద చూసిన రంగు 220 వేసిన టాప్ మీద రాదు.

ముక్కను టేప్‌తో ఐదారు పట్టీలుగా విభజించి, ఒక్కోదాని మీద ఒక్కో పాళ్లు ప్రయత్నించండి. వెనకవైపు పెన్సిల్‌తో మి.లీ. లెక్కా, వరుసా రాసుకోండి. చివరికి ఆ ముక్క మీద సీలర్ (పైపూత కింద వేసే తొలి పూత), పైపూత కూడా వేయాలి. ఆరిన డై పాలిపోయి సుద్దలా కనిపిస్తుంది. పైపూత పడ్డాక ముదురుతుంది. ఆరిన రంగు చూసి భయపడి ఇంకో పూత వేయడమే టాప్ అతిగా నల్లబడటానికి అసలు కారణం.

ముక్కను పగటి వెలుతురులోనూ రాత్రి బల్బు కిందా చూడండి. నీలాలు, ఊదాలు ఈ రెండింటి మధ్య చాలా మారతాయి.

## 5. డై కలపడం

గాఢ ద్రవానికి మామూలు పాళ్లు 100 మి.లీ. ద్రవంలో 3 మి.లీ. పొడి అయితే 100 మి.లీ.కి 1–1.5 గ్రా.; గోరువెచ్చని నీళ్లలో కలిపి, గంటసేపు ఉంచి, కాఫీ ఫిల్టర్‌లో వడకట్టండి. కరగని ఒక్క పలుకు టాప్ మీద తోకచుక్కలా గీత గీస్తుంది. తయారీదారు లేబుల్ మీద వేరే పాళ్లు ఉంటే అదే లెక్క.

ఒక్కో రంగు 150 మి.లీ. కలిపితే రెండు పూతలకు సరిపోయి, దిద్దుబాటుకు కాస్త మిగులుతుంది. మధ్యలో అయిపోతే అదే రంగు మళ్లీ కుదరడం కష్టం.

మొదలుపెట్టడానికి కొన్ని పాళ్లు, 100 మి.లీ.కి:

- నీలం: అడుగున నలుపు 3 మి.లీ., పైన నీలం 3 మి.లీ. + ఊదా 2–3 చుక్కలు. మేపుల్‌కి సహజంగా పసుపు ఛాయ ఉంటుంది. ఊదా లేకపోతే నీలం ఆకుపచ్చవైపు జారుతుంది.
- తేనె రంగు: అడుగున ముదురు గోధుమ 2 మి.లీ., పైన పసుపు 2 మి.లీ. + ఎర్ర గోధుమ అర మి.లీ. ఇక్కడ నలుపు అడుగు వేయవద్దు. నలుపు మీద పసుపు పడితే నాచు రంగొస్తుంది.
- ఎరుపు: అడుగున ముదురు గోధుమ 3 మి.లీ.; దాన్ని తీశాక పసుపు 1 మి.లీ.తో పలుచని పూత; ఆపైన ఎరుపు 3 మి.లీ. మధ్యలో ఆ పసుపు లేకపోతే తెల్లటి మేపుల్ మీద ఎరుపు గులాబీగా తేలుతుంది.

ఇవి ఆరంభానికే. మీ చెక్క, మీ డై ఏం చెబుతాయో నమూనా ముక్క మీద చూడండి.

## 6. అడుగు పూత

బాడీ వెనక, పక్కలు టేప్‌తో, కాగితంతో మూసేయండి. టేప్ అంచును గోటితో గట్టిగా నొక్కాలి. నెక్ పాకెట్, పికప్ గుంటల్లో డై నిలవకుండా గుడ్డ ముక్కలు కుక్కండి.

1. ధూళిని వాక్యూమ్‌తో తీసి, నీళ్ల డై అయితే ఉత్త నీళ్లతో టాప్ కొద్దిగా తడపండి. తడిసిన చెక్క డైని సమంగా తీసుకుంటుంది, అంచులు ఎక్కువ తాగవు.
2. గుడ్డను డైలో ముంచి, కారకుండా పిండి, మధ్య అతుకు నుంచి బయటికి గుండ్రంగా రుద్దుతూ టాప్ అంతా కప్పండి. ఆగకూడదు. ఒకటి రెండు నిమిషాల్లో టాప్ మొత్తం తడిగా ఉండాలి.
3. పొడి గుడ్డతో మిగులు డై తుడిచేయండి, చివరి తుడుపు చెక్క పొడవునా.
4. నీళ్ల డై అయితే కనీసం 4 గంటలు, వీలైతే రాత్రంతా ఆరనివ్వండి. స్పిరిట్ డైకి గంట చాలు.

ఈ దశలో టాప్ బూడిద పూసినట్టు ఉంటుంది. కంగారు అక్కర్లేదు.

## 7. అడుగు పూతను తీయడం

220తో మొదలుపెట్టి 320తో ముగించండి. దిమ్మకు చుట్టిన కాగితం, తేలికైన చేయి, పొడవాటి లాగుళ్లు, చెక్క పొడవునే. చెక్కిన టాప్ మీద గట్టి దిమ్మ వాడితే ఉబ్బు మీద తెల్లబడి పల్లంలో నల్లగా మిగులుతుంది. అక్కడ మెత్తని ప్యాడ్.

కాగితం మీద డై ధూళి ముద్దకట్టగానే మార్చేయండి. ముద్దకట్టిన కాగితం రంగు తీయదు, ఉన్నదాన్నే మళ్లీ చెక్కలోకి రుద్దుతుంది.

పది లాగుళ్లకోసారి ఆగి చూడండి. మొదట టాప్ అంతా ఒకే బూడిదరంగు. కాసేపటికి చారల మధ్య సన్నని లేత పట్టీలు తెరుచుకుంటాయి. ఇంకాస్త తీస్తే ఆ పట్టీలు మేపుల్ అసలు రంగుకు వచ్చి, చారలు మాత్రమే పొగమరక అంచులతో మిగులుతాయి. మెరిసే రంగులకు అక్కడిదాకా వెళ్లాలి. ముదురు, పాతబడిన రూపం కావాలంటే లేత పట్టీలు తెరుచుకున్నప్పుడే ఆపండి.

ఎక్కడ ఆపాలో తెలియకపోతే ధూళి తీసి, నాఫ్తాతో తడిపి చూడండి. నాఫ్తా ఈ డైలను కరిగించదు, క్షణంపాటు పైపూత వేసినట్టు చూపిస్తుంది. నీళ్లతో గానీ స్పిరిట్‌తో గానీ ఈ పరీక్ష చేస్తే రంగు కదులుతుంది.

చారలు బలహీనంగా అనిపిస్తే అడుగు పూత మళ్లీ వేసి మళ్లీ తీయవచ్చు. రెండోసారితో తేడా బాగా కనిపిస్తుంది. మూడోసారి నుంచి శ్రమే ఎక్కువ.

బుక్‌మ్యాచ్ టాప్‌లో (ఒకే పలకను రెండుగా చీల్చి పుస్తకంలా తెరిచి అతికించినది) ఒక సగం ముదురుగా, ఇంకో సగం లేతగా కనిపిస్తే ముందు గిటార్‌ని తలకిందులు చేసి చూడండి. ముదురు పక్కకు మారిందంటే అది నార వాలు మీద వెలుతురు పడే తీరు. దాన్ని డైతో సరిచేయబోతే నిజంగానే రెండు రంగుల టాప్ తయారవుతుంది.

## 8. అసలు రంగు, బర్స్ట్

అసలు రంగు వేయడం అడుగు పూతలాగే. ఆరాక చారల మధ్య భాగం ఇంకా మొద్దుగా ఉంటే 320తో అక్కడక్కడా తేలిగ్గా తాకి, అదే రంగును సగం పాళ్లలో కలిపి చివరి పూత వేయండి. ఆ చివరి పూతకు శాండింగ్ లేదు.

అంచులు ముదురుగా, మధ్య లేతగా ఉండే బర్స్ట్ కావాలంటే పని తడి మీదే జరగాలి, అందుకే నీళ్ల డై.

1. లేత రంగు టాప్ అంతా వేయండి.
2. అది తడిగా ఉండగానే అంచు నుంచి 4 సెం.మీ. వెడల్పున మధ్యస్థ రంగు.
3. అంచున 1–1.5 సెం.మీ. ముదురు రంగు.
4. లేత రంగు తడి ఉన్న గుడ్డతో లోపలి నుంచి బయటికి చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దుతూ హద్దులు కలపండి. బయటి నుంచి లోపలికి రుద్దితే ముదురు రంగు మధ్యలోకి వచ్చేస్తుంది, తీయడం కుదరదు.

కొమ్ముల దగ్గర రెండు అంచులూ దగ్గరవుతాయి కాబట్టి అదే వెడల్పు వేస్తే కొమ్మంతా నల్లబడుతుంది. అక్కడ పట్టీ సగానికి తగ్గించండి. నడుము దగ్గర కూడా కొద్దిగా తగ్గిస్తే వంపు అందంగా ఉంటుంది.

## 9. బైండింగ్

ప్లాస్టిక్ బైండింగ్ మీద పడ్డ నీళ్ల డై వెంటనే తుడిస్తే చాలావరకు పోతుంది. స్పిరిట్ డై లోపలికి పట్టేస్తుంది. రెండు రకాలకూ చివరికి గీకుడే మందు.

రేజర్ బ్లేడ్ తీసుకుని, అంచు మీద బైండింగ్ వెడల్పంతే బయటికి కనిపించేలా మిగతా భాగానికి టేప్ రెండు మూడు చుట్లు చుట్టండి. ఆ టేప్ చెక్క మీద ఆని జారుతుంది, బ్లేడ్ బైండింగ్‌ని మాత్రమే తాకుతుంది. సీలర్ మొదటి పలుచని పూత పడ్డాక ఈ పని చేస్తే టేప్ కింది డై చెదరదు.

అసిటోన్‌తో తుడుద్దామనే ఆలోచన రానివ్వకండి. ఏబీఎస్, సెల్యులాయిడ్ రెండూ అందులో కరుగుతాయి.

## 10. సీలర్, పైపూత

నీళ్ల డై మీద సీలర్ వేసే ముందు రోజంతా ఆరనివ్వాలి. లోపల తడి మిగిలితే ల్యాకర్ తెల్లబడుతుంది.

సూత్రం ఒకటే: డైని కరిగించే ద్రవం ఉన్న పూతను గుడ్డతోనో బ్రష్‌తోనో రుద్దకూడదు. లక్కతో చేసే షెల్లాక్ పూతలో స్పిరిట్ ఉంటుంది కాబట్టి స్పిరిట్ డై మీద రుద్దితే రంగు లేచివచ్చి గుడ్డకు అంటుకుంటుంది. మైనం తీసిన షెల్లాక్‌ను మంచులా పలుచగా రెండు మూడుసార్లు స్ప్రే చేయండి. వాటర్‌బేస్డ్ పైపూత వేసేవాళ్లకూ ఈ షెల్లాక్ పొరే రక్షణ.

నైట్రోసెల్యులోజ్ ల్యాకర్, ఆయిల్ పాలియురేథేన్ కాలంతో పసుపుబారతాయి. తేనె రంగుకు అది అందమే. నీలానికి మాత్రం రెండు మూడేళ్లు తిరిగేసరికి ఆకుపచ్చ ఛాయ తెచ్చిపెట్టవచ్చు. నీలం, ఊదాలకు పసుపుబారని అక్రిలిక్ రకం ఎంచుకోండి.

కనీసం మూడు పూతలు పడేదాకా శాండింగ్ వద్దు. ఆ తరవాత కూడా అంచు నుంచి వేలు మందం వదిలేసి చేయండి.

శాండింగ్‌కి ముందు చూసుకోవాల్సినవి:

- పూత వేలిగోటికి మెత్తగా తగలట్లేదు
- అంచుల మీద అదనంగా ఒక పూత పడింది
- బైండింగ్ గీకడం పూర్తయింది
- 400 కంటే గరుకు కాగితం బల్ల మీద లేదు
- వెనక భాగానికి వాడే రంగు ఫిల్లర్ (చెక్క రంధ్రాలు పూడ్చే ముద్ద) టాప్ మీద పడకుండా టేప్ ఉంది

## 11. చెడినప్పుడు

మొత్తం ముదిరిపోయింది. డైలో ఉన్న ద్రవంతోనే గుడ్డ తడిపి తుడిస్తే కొంత దిగుతుంది. సరిపోకపోతే 220తో తీయండి. ఇంట్లో వాడే క్లోరిన్ బ్లీచ్ చాలా డైల రంగు తీసేస్తుంది కానీ అన్నిటిదీ కాదు. ముందు నమూనా ముక్క మీద చూడాలి. వాడితే నీళ్లతో రెండు మూడుసార్లు తుడిచి, బాగా ఆరాకే తరవాతి పని. బ్లీచ్‌ని ఇంకే రసాయనంతోనూ కలపకండి.

లేత మచ్చ, ఎన్నిసార్లు వేసినా డై పట్టదు. జిగురు. గీకి, ఆ చోటును చుట్టూ ఉన్నంత గ్రిట్‌కే తెచ్చి, సన్న బ్రష్‌తో డై వేసి, చుట్టుపక్కల కలిపేయండి.

అతుకు గీతలు. తడి అంచు ఆరిపోయింది. టాప్ అంతా ద్రవంతో తడిపి గుండ్రంగా రుద్దితే సర్దుకుంటుంది. స్పిరిట్‌తో పదేపదే ఇదే జరుగుతుంటే నీళ్లకు మారండి.

అంచుల్లో నల్లటి చుట్టు. నార కొసలు అతిగా తాగాయి. 320తో అక్కడే తీసి, తరవాతి పూతకు ముందు అంచును ఉత్త ద్రవంతో తడపండి. లేదా దాన్నే బర్స్ట్‌గా మార్చేయండి, చాలామంది చేసేది అదే.

ఏదో ఒకచోట అడ్డగీతలు. 120 గీతలు మిగిలిపోయాయి. డైతో కప్పడం కుదరదు. ఆ భాగం స్క్రేపర్‌తో దించి, మూడో విభాగంలోని శాండింగ్ నుంచి మళ్లీ.

పైపూత శాండింగ్‌లో అంచు తెల్లబడింది. వెంటనే ఆపండి. స్పిరిట్‌లో సగం పాళ్లకు కలిపిన డైని సన్న బ్రష్‌తో తాకించి, గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. రంగు ఒకేసారి కలవదు, లేత పూతలు రెండు మూడు పడాలి. ఆరాక షెల్లాక్ స్ప్రే చేసి మామూలుగా కొనసాగించండి. తెల్లబడిన చోటు నాణెం కంటే పెద్దదైతే, పైపూతలోనే కొద్దిగా డై కలిపి టోనర్‌గా అంచంతా స్ప్రే చేస్తే అతుకు కనిపించదు.

సీలర్ వేసేసరికి రంగు మురికిగా మారింది. పూత తడిగా, లావుగా పడి డై కరిగి కదిలింది. ఆరనిచ్చి చూడండి, మరకలు స్వల్పమైతే టోనర్‌తో సర్దుకుంటాయి. చారల అంచులు చెరిగిపోయి ఉంటే పూత గీకి, 220 దగ్గర మొదలుపెట్టడమే.